పదో తరగతి తర్వాత ఏ కాలేజీ?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో ఇంటర్ సీటు మాట పదో తరగతి ఫలితాల దాకా ఆగదు. పరీక్షలకు ముందే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇళ్లకు వస్తారు. నిరుటి ర్యాంకులు అచ్చేసిన కరపత్రం చేతిలో పెట్టి, ఇప్పుడే కొంత కట్టి సీటు ఖాయం చేసుకుంటే ఫీజు తగ్గుతుందంటారు. ఏ పిల్లల విషయంలోనైనా ఈ తొందర అంత మంచిది కాదు. ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా వంటివి ఉన్న పిల్లల విషయంలోనైతే ఆ కరపత్రమే పనికిరాదు. ఆ పిల్లలకు కావలసిన సమాచారం వేరు. రోజుకు ఎన్ని గంటలు కూర్చోవాలి, గదిలో ఎంతమంది ఉంటారు, ఎంత చప్పుడు ఉంటుంది, చేత్తో ఎంత రాయాలి, తల దిమ్మెక్కినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నవి ఏ కరపత్రంలోనూ ఉండవు.

ఇలాంటి పిల్లలందర్నీ కలిపి ఈ మధ్య న్యూరోడైవర్స్ అంటున్నారు. తెలుగులో నాడీ వైవిధ్యం అన్న మాట అక్కడక్కడా కనిపిస్తోంది. మెదడు పనిచేసే తీరులో తేడాను జబ్బుగా చూడకుండా మనుషుల్లో ఉండే రకరకాల తీరుల్లో ఒకటిగా చూడాలన్న ఆలోచన 1990ల చివర్లో బలపడింది. ఆస్ట్రేలియా సామాజికవేత్త జూడీ సింగర్ రాతలతో ఆ మాట వాడుకలోకి వచ్చింది. అయితే కాలేజీ ఎంపికకు ఈ గుంపు పేరు చాలదు. ఆటిజం ఉన్న పిల్లవాడికి చప్పుడు, వెలుగు, ఉన్నట్టుండి మారే టైంటేబులు కష్టం. ఏడీహెచ్‌డీ ఉన్న అమ్మాయికి పాఠం అర్థం కావడం కష్టం కాదు, మూడు గంటలు ఒకేచోట మనసు నిలపడం, రేపటి రికార్డు ఈ రోజే రాసిపెట్టుకోవడం కష్టం. డిస్లెక్సియాలో చదవడం, డిస్‌గ్రాఫియాలో రాయడం, డిస్‌కాల్క్యులియాలో లెక్కలు ఇబ్బంది పెడతాయి. ఒకే పిల్లవాడిలో రెండు మూడు కలిసి ఉండటం మామూలే.

వీటిలో కొన్ని ఇంటర్ దాకా బయటపడవు. తెలుగులో రాసినట్టే చదువుతాం కాబట్టి గుణింతాలు, ఒత్తులు ఎలాగో పట్టుబడితే డిస్లెక్సియా ఉన్న పిల్లవాడు కూడా నెమ్మదిగా నెట్టుకొస్తాడు. ప, వ, ష తారుమారైనా, మ, య కలగాపులగమైనా 'దస్తూరి బాగాలేదు' అన్న తిట్టుతో సరిపోతుంది. ఇంగ్లీషుకు ఆ నిలకడ లేదు. టఫ్, దో, త్రూ అన్న మూడు మాటల్లో చివరి అక్షరాలు ఒకటే, పలకడం మాత్రం మూడు రకాలు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలై ముందు పడేసరికి అప్పటిదాకా కప్పిపుచ్చుకున్న ఇబ్బంది ఒక్కసారిగా తేలుతుంది. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన పిల్లవాడు మొదటి ఏడాదిలో తప్పితే ఇంట్లోవాళ్లు ఫోన్‌ను నిందిస్తారు. కొన్నిసార్లు ఫోన్ తప్పు కూడా కావచ్చు, కానీ ప్రతిసారీ కాదు.

బడి నుంచి ఇంటర్‌కు వెళ్లడంలో మరో గండి ఉంది. పదేళ్లు ఒకే బడిలో చదివిన పిల్లవాడి తీరు అక్కడి సార్లకు తెలిసి ఉంటుంది. ప్రభుత్వ బడుల పిల్లలకైతే సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడిచే భవిత కేంద్రం, అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులు కొంత ఆసరా. జూనియర్ కాలేజీలో అడుగుపెట్టగానే అంతా కొత్త. బోర్డు కూడా వేరు. ఇంటర్మీడియట్ విద్యామండలి 1971 నాటి చట్టం కింద పనిచేసే విడి సంస్థ. పదో తరగతిలో స్క్రైబ్ (చెప్పింది రాసిపెట్టే సహాయకుడు) సాయంతో పరీక్ష రాసిన పిల్లవాడు ఇంటర్‌లో మళ్లీ మొదటినుంచి అడుక్కోవాలి. ఇంగ్లండులో పదహారేళ్ల తర్వాత సిక్స్త్ ఫారంలో చేరే పిల్లలకు ఈ గండి పూడ్చడానికి 2014 నాటి చట్టం ఒక పత్రం ఏర్పాటు చేసింది. పిల్లవాడికి ఏ సాయం కావాలో రాసి ఉండే ఆ పత్రం అవసరమైతే 25 ఏళ్ల దాకా అతని వెంటే వెళ్తుంది. అమెరికాలో పదహారేళ్లు నిండేలోపు, బడి తర్వాత ఏమిటన్న ప్రణాళిక బడే రాయాలి. మన దగ్గర ఆ పని తల్లిదండ్రులే చేయాలి. దానికి మొదటి మెట్టు సర్టిఫికెట్.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు ఏడు రకాల వైకల్యాలనే గుర్తించిన చట్టం స్థానంలో ఇది 21 రకాలను చేర్చింది. వాటిలో ఆటిజం ఉంది, డిస్లెక్సియా కుటుంబమంతా 'నిర్దిష్ట అభ్యసన వైకల్యం' పేరుతో ఉంది. ఏడీహెచ్‌డీ పేరు మాత్రం లేదు. ఏడీహెచ్‌డీకి తోడుగా అభ్యసన వైకల్యం కూడా ఉంటే దాని పేరు మీద సర్టిఫికెట్ రావచ్చు. ఉత్త ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల కుటుంబాలు ఈ లోటు ముందే తెలుసుకుని, కాలేజీ తనంతట తాను ఇచ్చే వెసులుబాటు మీదే ఎక్కువ ఆధారపడాలి. అంటే వాళ్లకు కాలేజీ ఎంపిక మిగతావాళ్లకంటే ఇంకా ముఖ్యం.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ సర్టిఫికెట్‌ను జనం సదరం అంటారు. సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ తీసుకుని, చెప్పిన రోజున ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. కాలు, కన్ను, చెవి చూసి తేల్చినంత తేలిక కాదు ఇది. ఆటిజానికి భారతదేశంలో తయారైన కొలబద్ద ఒకటుంది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ రూపొందించిన దాన్ని పొడి అక్షరాల్లో ఐసా అంటారు. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 కంటే తక్కువైతే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 దాకా స్వల్పం, 107 నుంచి 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. గలగలా మాట్లాడుతూ, మార్కులు తెచ్చుకునే పదిహేనేళ్ల కుర్రవాడు పదిహేను నిమిషాల సంభాషణలో ఏ తేడా లేనట్టే కనిపిస్తాడు. బడిలో, ఇంట్లో ఎదురైన ఇబ్బందులు తేదీలతో రాసుకున్న కాగితాలు, పాత సైకాలజిస్టు రిపోర్టులు అక్కడ పనికొస్తాయి.

అభ్యసన వైకల్యానికి వయసు లెక్క ఉంది. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి, పద్నాలుగేళ్లకు ఒకసారి, పద్దెనిమిదేళ్లకు ఒకసారి పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ తయారుచేసిన పరీక్షల సముదాయాన్ని ఇందుకు వాడతారు. పద్నాలుగేళ్లంటే సుమారుగా తొమ్మిదో తరగతి. పీఆర్వోలకంటే ముందు మొదలవ్వాల్సిన పని ఇదే. ఈ పరీక్షకు ఎక్కడికి వెళ్లాలంటే, నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. కర్నూలు వైద్య కళాశాల ఆసుపత్రి 70 కిలోమీటర్ల దూరంలో ఉంది. వివరమైన అంచనా కావాలనుకుంటే సికింద్రాబాద్ సంస్థకు గానీ నిమ్హాన్స్‌కు గానీ వెళ్లవచ్చు. ఎక్కడికి వెళ్లినా ఒక్క రోజులో తేలే పని కాదు. పదో తరగతి పరీక్షలయ్యాక మొదలుపెడితే ఇంటర్ అడ్మిషన్ల నాటికి కాగితం చేతికి రాకపోవచ్చు.

ముద్ర పడుతుందని, అమ్మాయైతే రేపు పెళ్లి సంబంధానికి అడ్డొస్తుందని చాలామంది సదరం జోలికి వెళ్లరు. అది తీసిపారేయదగ్గ భయం కాదు. కానీ సర్టిఫికెట్ బీరువాలో ఉండే కాగితం, మెడలో వేసుకు తిరిగేది కాదు. అడగాల్సిన చోట చూపిస్తారు, మిగతా లోకానికి తెలియనక్కర్లేదు. వైకల్యం 40 శాతం లేకపోతే ఏమీ రాదన్న మాట కూడా ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. రాసేటప్పుడు చేయి కొంకర్లు పోయే సమస్య ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో, స్క్రైబ్ సౌకర్యాన్ని 40 శాతం ఉన్నవాళ్లకే పరిమితం చేయకూడదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో చెప్పింది. వికాస్ కుమార్ కేసుగా పేరుపడిన ఆ తీర్పు తర్వాత, 40 శాతంలోపు వైకల్యం ఉండి రాయలేని అభ్యర్థుల కోసం కేంద్రం 2022 ఆగస్టులో విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇక గ్రూపు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. చదువులో వెనకబడ్డాడనుకున్న పిల్లవాణ్ణి ఆలోచించకుండా సీఈసీలోనో హెచ్ఈసీలోనో వేస్తారు. తేలిక అని. చరిత్ర, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం పేపర్లలో పేజీలకు పేజీలు రాయాలి. డిస్‌గ్రాఫియా ఉన్న పిల్లవాడికి అంతకంటే కష్టమైన గ్రూపు లేదు. అదే పిల్లవాడికి లెక్కలు బాగా వస్తే ఎంపీసీలో తక్కువ మాటలు రాసి ఎక్కువ మార్కులు తెచ్చుకోవచ్చు. డిస్‌కాల్క్యులియా ఉన్నవాళ్లకు దీనికి తలకిందులు. వాళ్లకు సీఈసీలో కూడా అకౌంట్స్ దగ్గర ఇరుకు తప్పదు, హెచ్ఈసీ నయం. బైపీసీలో బొమ్మలు గీయాలి, పేర్లు గుర్తుంచుకోవాలి. జీవశాస్త్రమంటే ప్రాణం పెట్టే ఆటిజం పిల్లలుంటారు, పక్షుల పేర్లన్నీ ఒప్పజెబుతారు. కానీ చేతివేళ్ల పట్టు సరిగా లేకపోతే పటాలు, ల్యాబ్‌లో ఘాటు వాసనలుంటే ప్రాక్టికల్స్ వాళ్లను బెదరగొడతాయి. ప్రాక్టికల్ రికార్డు ఎవరు రాస్తారు, పటాన్ని ముందే గీసిన అచ్చు కాగితం మీద గుర్తించనిస్తారా అన్నది లెక్చరర్‌ను చేరకముందే అడగదగ్గ ప్రశ్న.

2025-26లో మొదటి ఏడాది చదువులో బోర్డు కొన్ని మార్పులు చేసింది. గణితం ఏ, బీ పేపర్లు ఒకటయ్యాయి. బాటనీ, జువాలజీ కలిసి బయాలజీ అయ్యాయి. ఇంగ్లీషు తప్పనిసరి, రెండో భాష స్థానంలో వేరే సబ్జెక్టును ఎలక్టివ్‌గా తీసుకునే వీలు వచ్చింది. డిస్లెక్సియా పిల్లలకు ఇది చిన్న సంగతి కాదు. మార్కులొస్తాయని ప్రైవేటు కాలేజీల్లో రెండో భాషగా సంస్కృతం అంటగట్టడం ఏళ్లుగా ఉన్న అలవాటు. చదవడమే కష్టమైన పిల్లవాడికి అది మరో కొత్త బరువు. ఎలక్టివ్ ఏవేవి ఉన్నాయో బోర్డు జాబితాలో కాదు, చేరబోయే కాలేజీలో అడగాలి. జాబితాలో ఎన్ని ఉన్నా అక్కడ చెప్పేవాళ్లు లేకపోతే లాభం లేదు. ఇదే వెసులుబాటుతో వచ్చిన ఎంబైపీసీకి, అంటే లెక్కలూ బయాలజీ రెండూ చదివే పద్ధతికి, ఆశపడే తల్లిదండ్రులూ ఉన్నారు. ఇంజినీరింగు, డాక్టరీ రెండు తలుపులూ తెరిచి ఉంచాలన్న ఆ ఆశ ఏడీహెచ్‌డీ పిల్లవాడి మీద ఎంత మోపుతుందో ఆలోచించి చేరాలి.

ఆళ్లగడ్డ, శిరివెళ్ల, రుద్రవరం, ఉయ్యాలవాడ, దొర్నిపాడు, చాగలమర్రి మండలాల కుటుంబాలకు అసలు తర్జనభర్జన ఊరు గురించి. ఆళ్లగడ్డలోనే ప్రభుత్వ జూనియర్ కాలేజీలో వేయాలా, 40 కిలోమీటర్ల దూరంలోని నంద్యాలకు రోజూ బస్సులో పంపాలా, అక్కడే హాస్టల్లో ఉంచాలా, లేక కర్నూలు, విజయవాడ దాకా పోవాలా? నంద్యాల ఎప్పటినుంచో కోచింగుల ఊరు. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలకు తయారయ్యేవాళ్లు రాయలసీమ నలుమూలల నుంచి వచ్చి గదుల్లో ఉంటూ, మెస్సుల్లో తింటూ చదువుతారు. పట్టణమంతా పరీక్షల వేగంతో నడుస్తున్నట్టుంటుంది. ఆ వేగం కొందరికి ఊపు, కొందరికి ఊపిరాడనివ్వని ఉక్క.

రెసిడెన్షియల్ కాలేజీ మీద ఒక నమ్మకం ఉంది. కట్టుదిట్టంగా ఉంటే పిల్లవాడు దారిలో పడతాడని. కొంతమంది ఆటిజం పిల్లలకు గంట కొట్టినట్టు నడిచే దినచర్య నిజంగానే హాయి. ఎప్పుడు ఏం జరుగుతుందో ముందే తెలుస్తుంది. కానీ అదే చోట ఒక గదిలో నలుగురైదుగురు పడుకుంటారు, బాత్రూం ముందు వరస కట్టాలి, భోజనం హాల్లో స్టీలు కంచాల మోత, తెల్లవారక ముందు స్టడీ అవర్, రాత్రి మళ్లీ స్టడీ అవర్. రోజంతా నలుగురి మధ్య మామూలుగా కనిపించడానికి పెనుగులాడిన పిల్లవాడు సాయంత్రం ఒంటరిగా గంట సేపు గోడవైపు తిరిగి కూర్చుంటే గానీ మర్నాటికి తేరుకోలేడు. హాస్టల్లో ఆ గంట దొరకదు. ఏడీహెచ్‌డీ మందు వాడే పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. మిథైల్‌ఫెనిడేట్ వంటివి నియంత్రణలో ఉన్న మందులు. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు, చిన్న ఊళ్ల షాపుల్లో దొరకడం కష్టం. వేళకు ఎవరు ఇస్తారు, ఎక్కడ దాస్తారు, అయిపోకముందే ఎవరు చూసుకుంటారు అన్నది వార్డెన్‌తో ముఖాముఖి తేల్చుకోవాలి.

మార్కుల ప్రకారం సెక్షన్లు విడగొట్టడం, వారం వారం పరీక్ష పెట్టి ర్యాంకులు గోడకు అంటించడం కాలేజీల్లో మామూలైపోయింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. నూరుమంది లేదా అంతకంటే ఎక్కువ మంది చదివే ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, శిక్షణ పొందిన సామాజిక కార్యకర్త గానీ ఉండాలన్నది వాటిలో ఒకటి. చదువులో ప్రతిభను బట్టి బ్యాచులు చేయడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానాలని కూడా అందులో ఉంది. కాలేజీ చూడబోయినప్పుడు కౌన్సెలర్ ఎవరు, ఏ రోజుల్లో ఉంటారు, పిల్లలు ఆ గదికి వెళ్లాలంటే ఎవరి అనుమతి కావాలి అని అడిగితే సగం సంగతి తెలిసిపోతుంది. పేరు వెంటనే చెప్పగలిగితే కౌన్సెలర్ ఉన్నట్టు. 'అంతా మా వైస్ ప్రిన్సిపల్ సారే చూసుకుంటారు' అంటే లేనట్టు.

ఊళ్లోని ప్రభుత్వ కాలేజీని చాలామంది లెక్కలోకే తీసుకోరు. పేరు గడించిన ర్యాంకులుండవు నిజమే. ఫీజు భారం లేదు, 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం పెడుతున్నారు, సాయంత్రానికి పిల్లవాడు ఇంట్లో ఉంటాడు. మధ్యాహ్నం చెదిరిపోయినా రాత్రికి కుదుటపడే చోటు ఉంటుంది. లెక్చరర్ల పోస్టులు ఖాళీగా ఉన్నాయా, ల్యాబ్ తెరుస్తారా అన్నవి ఆరా తీయాలి. చదువులో లోటుంటే ఒకటి రెండు సబ్జెక్టులకు ట్యూషన్ పెట్టుకోవచ్చు, నిద్రలో లోటుకు ట్యూషన్ లేదు. నంద్యాలకు రోజూ బస్సులో పంపదలిస్తే చేరకముందే ఒక వారం ఆ బస్సులో, ఆ వేళకే వెళ్లి రావాలి. రద్దీ, హారన్లు భరించలేని పిల్లవాడు కాలేజీ చేరేసరికే అలిసిపోతాడు. అయితే ఒకే బస్సు, ఒకే సీటు, కిటికీలోంచి అవే ఊళ్లు అన్న వరస బాగా నచ్చే ఆటిజం పిల్లలూ ఉన్నారు. ఇది చూస్తే తప్ప తెలియదు. వైకల్య సర్టిఫికెట్ ఉంటే ఆర్టీసీ రాయితీ వర్తిస్తుందేమో అడగాలి.

కాలేజీని చూడాల్సింది అడ్మిషన్ల వేళ కాదు. అప్పుడు ముగ్గులు, మంచినీళ్లు, మర్యాదలు ఉంటాయి. మామూలు పనిరోజున, మధ్యాహ్నం భోజనాలయ్యాక, పిల్లలంతా ఒక్కసారిగా మెట్లెక్కే వేళ వెళ్లాలి. పిల్లవాణ్ణి వెంట తీసుకెళ్లాలి. గదిలో ఫ్యాన్లు గోల చేస్తున్నాయా, పక్క సెక్షన్ మైకు వినిపిస్తోందా, వెనక బెంచీకి బోర్డు కనిపిస్తోందా అన్నవి అతనే ముందు పట్టుకుంటాడు. అతని అయిష్టాన్ని మొండితనం కింద కొట్టిపారేయకూడదు. ప్రిన్సిపల్ కంటే క్లాస్ ఇన్‌చార్జితో మాట్లాడితే ఎక్కువ తెలుస్తుంది, రోజూ పిల్లవాడితో వేగేది ఆయనే. 'ఇలాంటి పిల్లలు మా దగ్గర ఇంతకుముందు చదివారు, ఇలా చేశాం' అనే కాలేజీ ఒకటి, 'మా దగ్గర అందరూ సమానమే, తేడా చూడం' అనే కాలేజీ ఇంకొకటి. రెండో మాట వినడానికి బాగుంటుంది. తేడా చూడకపోతే ముందు బెంచీ ఇవ్వరు, చెవులకు దూది పెట్టుకోనివ్వరు, పది నిమిషాలు బయట తిరిగి రానివ్వరు.

చేర్చాక ఒకే ఒక్క పేజీ కాగితం రాసి ఇన్‌చార్జికి ఇవ్వడం మేలు. జబ్బు పేర్లు, డాక్టర్ల భాష అక్కర్లేదు. పేరు పెట్టి పిలిచి ఒక్కో పని చెప్పాలి, ఉన్నట్టుండి లేపి చదవమనకూడదు, చెవులు మూసుకుంటే పొగరు కాదు, కళ్లలో కళ్లు పెట్టి చూడకపోయినా వింటున్నట్టే అన్నట్టుగా నాలుగైదు మాటలు చాలు.

పరీక్ష సౌకర్యాల పని ఫిబ్రవరి దాకా ఆపితే ఆలస్యమే. స్క్రైబ్, అదనపు సమయం కోసం దరఖాస్తు కాలేజీ ప్రిన్సిపల్ ద్వారా బోర్డుకు వెళ్తుంది. ఆ దరఖాస్తు ఎప్పుడూ పంపని కాలేజీలో గుమాస్తాకు దారి తెలియకపోవచ్చు, కాబట్టి మొదటి ఏడాది దసరాలోపే కదిలించాలి. కేంద్రం 2018లో రాత పరీక్షలకు ఇచ్చిన మార్గదర్శకాలు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం చెప్పాయి. ఆ లెక్కన మూడు గంటల పేపరుకు నాలుగు గంటలు. సాధారణంగా స్క్రైబ్ కింది తరగతి చదివేవాడై ఉండాలి. ఇంటిగ్రల్ గుర్తును, రసాయన సమీకరణాన్ని నోటితో చెప్పి ఇంకొకరి చేత రాయించడం సులువు కాదు. కాలేజీ లోపలి పరీక్షల్లోనే అభ్యాసం చేయకపోతే అసలు పరీక్షలో సాయమే అడ్డంకి అవుతుంది. హక్కు ఉన్నంత మాత్రాన హాల్లో అందుతుందన్న భరోసా లేదనడానికి 2021 నీట్ ఉదంతం ఉంది. డిస్‌గ్రాఫియా ఉన్న అవని ప్రకాశ్ అనే విద్యార్థినికి రావాల్సిన అదనపు గంట ఇవ్వకుండా కేంద్రంలో పేపరు లాక్కున్నారు. సుప్రీంకోర్టు అది తప్పని చెప్పి, పరీక్ష కేంద్రాల సిబ్బందికి ఈ విషయంలో శిక్షణ ఇవ్వాలంది. మంజూరు ఉత్తర్వు నకలు పరీక్షకు ముందురోజే సెంటర్ చీఫ్ సూపరింటెండెంట్‌కు చూపించి రావాలనడం అందుకే.

రెగ్యులర్ కాలేజీ అసలు వద్దనుకునే పిల్లలకు దారులు మూసుకుపోలేదు. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, కేంద్రం నడిపే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ రెండూ ఇంటర్ స్థాయి చదువు అందిస్తాయి. జాతీయ సంస్థలో ఐదు సబ్జెక్టులు పాసైతే చాలు, భాష ఒకటే ఉన్నా సరే. చేరినప్పటి నుంచి ఐదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు. ఏడాదికి రెండు సబ్జెక్టులే రాసుకుంటూ వెళ్లవచ్చు. ఒకేసారి అన్ని పేపర్లూ అంటే బెదిరిపోయే పిల్లవాడికి ఇది పెద్ద ఊరట. లోటు ఏమిటంటే రోజూ వెళ్లే చోటుండదు, తోటి పిల్లలుండరు, ల్యాబ్ కోసం స్టడీ సెంటర్ మీద ఆధారపడాలి. ఇంట్లో ఎవరో ఒకరు టైంటేబులు నడిపించగలిగితేనే పనికొస్తుంది.

చేతిపని మీద మనసున్నవాళ్లకు ఇంటర్‌లోనే వొకేషనల్ కోర్సులున్నాయి. బ్రిడ్జి కోర్సు చేస్తే తర్వాత ఇంజినీరింగు, వైద్యానికి సంబంధించిన చదువుల వైపు కూడా మళ్లవచ్చు. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమాలో చేరవచ్చు, నంద్యాలలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. ఆళ్లగడ్డకు ఇంకొక దారి ఇంటి ముందే ఉంది. తరాలుగా రాతి విగ్రహాలు చెక్కుతున్న ఈ ఊరి శిల్పకళకు భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు కూడా వచ్చింది. చూసింది చూసినట్టు గుర్తుంచుకుని, ఒకే పనిలో గంటల తరబడి మునిగిపోగల పిల్లవాడికి శిల్పం సరిపడే చదువే. తిరుపతిలో దేవస్థానం 1960 నుంచి నడుపుతున్న సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో పదో తరగతి పాసైనవాళ్లకు నాలుగేళ్ల డిప్లొమా ఉంది. రాయి, లోహం, కొయ్య, సుధ, చిత్రలేఖనం, ఆలయ నిర్మాణం అందులో విభాగాలు. ఉలి మోత, రాతి పొడి భరించలేకపోతే మాత్రం రాతి విభాగం కుదరదు, చిత్రలేఖనమో కొయ్యో చూసుకోవాలి.

చేర్చిన తర్వాత మొదటి ఆరు వారాలు గమనించాలి. నిద్ర, తిండి, స్నానం, ఇష్టమైన పని మీద ఆసక్తి, వీటిలో రెండు ఒకేసారి తగ్గితే ఆ చోటు పడటం లేదన్నమాట. మార్కులు పడిపోవడం ఆ తర్వాత సంగతి. రాత్రివేళ మనసు మరీ కుంగితే 14416 నంబరులో టెలీ మానస్ సేవ తెలుగులోనూ దొరుకుతుంది. కాలేజీ మార్చాల్సి వస్తే మొదటి ఏడాదిలోనే మార్చడం నయం. కట్టిన ఫీజు పోతుందని రెండో ఏడాదికి లాగితే ఫీజూ పోతుంది, ఏడాదీ పోతుంది. డబ్బు కట్టకముందే, మధ్యలో మానితే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకోవాలి.

ఇంటర్ పూర్తయ్యేనాటికి పిల్లలు పద్దెనిమిదికి చేరతారు. అభ్యసన వైకల్యం సర్టిఫికెట్‌ను మళ్లీ పరీక్షించాల్సిన వయసు అదే. ఈఏపీసెట్, జేఈఈ, నీట్ దరఖాస్తుల సమయం కూడా అదే. రెండూ ఒకేసారి మీద పడకుండా రెండో ఏడాది మొదట్లోనే సదరం స్లాట్ చూసుకోవాలి. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు కనీసం 5 శాతం సీట్లు ఉంటాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో వైకల్యం ఉన్నవాళ్లకు కేటాయించే 4 శాతంలో ఒక శాతం ఆటిజం, అభ్యసన వైకల్యం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు, బహుళ వైకల్యాలున్నవాళ్లతో కలిసి పంచుకోవాలి. నంద్యాల కోచింగుల వైపు చూసే పిల్లలకు పనికొచ్చే తీర్పు 2025 ఫిబ్రవరిలో వచ్చింది. బ్యాంకు పరీక్షలు నిర్వహించే సంస్థ మీద గుల్షన్ కుమార్ అనే అభ్యర్థి వేసిన కేసులో, 40 శాతం గీతతో పనిలేకుండా వైకల్యం ఉన్న అభ్యర్థులందరికీ స్క్రైబ్, అదనపు సమయం అందాలని సుప్రీంకోర్టు చెప్పింది. సొంతంగా నిర్ణయాలు తీసుకోలేని స్థితిలో ఉన్న ఆటిజం పిల్లలకైతే పద్దెనిమిది దాటాక తల్లిదండ్రులు తమంతట తామే సంరక్షకులు కారు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద కలెక్టరు నేతృత్వంలోని స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకుని చట్టబద్ధ సంరక్షకత్వం పొందాలి. నంద్యాల 2022 ఏప్రిల్ 4న విడి జిల్లా అయింది కాబట్టి ఆ దరఖాస్తు ఇప్పుడు ఇవ్వాల్సింది నంద్యాల కలెక్టరేట్‌లోనే.